మూలన పడ్డ కాలి మిషన్: టైమింగ్ జోలికి పోయే ముందు చూడాల్సినవి

మీరు రాసినదాన్ని బట్టి పరిస్థితి ఇది. అమ్మమ్మగారు వాడిన సింగర్ కాలి మిషన్ చాలా ఏళ్లుగా మూలన ఉండిపోయింది. ఇప్పుడు చక్రం బరువుగా తిరుగుతోంది. తొక్కితే ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి పోతోంది. గుడ్డ పెట్టి కుడితే పైన బాగానే కనిపిస్తున్నా కింద దారం ఉండలు కడుతోంది. చూడటానికి వచ్చిన మెకానిక్ టైమింగ్, అంటే సూదీ షటిలూ ఒకదానితో ఒకటి కలిసి కదిలే అమరిక, పోయిందన్నాడు. మోటారు పెట్టించుకుంటే ఏ తంటా ఉండదని కూడా చెప్పి వెళ్లాడు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. టైమింగ్ పోయి ఉండదు. ఈ మిషన్లలో పైన సూదినీ కింద షటిల్‌నూ (సూది దారాన్ని పట్టుకుని కింది దారంతో కలిపే భాగం) కలిపేవి ఇనుప ఇరుసులు, కడ్డీలు. ఊరికే నిలబెట్టి ఉంచినంత మాత్రాన వాటి అమరిక మారదు. మారాలంటే ఎవరైనా స్క్రూ వదులు చేసి ఉండాలి, లేదా సూది ఏ గుండుసూదికో గట్టిగా తగిలి కడ్డీ జరిగి ఉండాలి. మీరు చెప్పిన మూడు లక్షణాలకూ అంతకంటే మామూలు కారణాలే ఉన్నాయి: ఎండి గట్టిపడిన నూనె, సరిగ్గా ఎక్కని పైదారం, ఇంకా అలవాటు కాని కాళ్లు. ఈ మూడూ తేలేదాకా అమరిక స్క్రూ ఒక్కటి కూడా కదపకండి.

ముందుగా ఒక జాగ్రత్త. మిషన్ తల పది కిలోలకు పైనే ఉంటుంది. అది బల్ల మీద రెండు కీలు పిన్నుల ఆధారంతో నిలుస్తుంది. ఆ పిన్నులను పట్టి ఉంచే చిన్న స్క్రూలు తల అడుగున, వెనక వైపు ఉంటాయి. అవి వదులుగా ఉన్నాయని తెలియక తలను వెనక్కి వాల్చితే మొత్తం ఊడి కాళ్ల మీద పడుతుంది. కాబట్టి మొదట ఒక చేత్తో తలను పట్టుకుని కొద్దిగా ఎత్తి, ఆ స్క్రూలు బిగించండి. తర్వాతే వాల్చండి.

ఇక చక్రం బరువు సంగతి. బరువు ఎక్కడుందో తెలుసుకోవాలంటే మిషన్‌ను రెండుగా విడదీసి చూడాలి. బెల్టు తీసేయండి. ఇప్పుడు కింద పెడల్‌ను చేత్తో నొక్కి చూడండి. పెద్ద చక్రం తేలిగ్గా తిరిగి, వదిలేశాక కూడా కాసేపు తిరుగుతూ ఉంటే కింది భాగంలో లోపం లేదు. పైన చేతి చక్రం తిప్పి చూడండి. అది బరువుగా ఉంటే చక్రం మధ్యలో ఉన్న గుండ్రటి బిరడాను మీ వైపుకు తిప్పి వదులు చేయండి. బాబిన్ (కింది దారం ఉండే చిన్న రీలు) చుట్టేటప్పుడు సూది ఆడకుండా చేసేది ఇదే. వదులు చేశాక చక్రం ఒక్కటే హాయిగా తిరిగిందంటే బిగుసుకున్నది తల లోపల. చక్రం కూడా కదలకపోతే దాని ఇరుసులోనే జిగురు పట్టింది. ఈ చిన్న పరీక్ష చేయకుండా అన్ని చోట్లా నూనె గుమ్మరించేవాళ్లే ఎక్కువ.

తల బిగుసుకుంటే నూనె కంటే ముందు చిక్కుపడ్డ దారం కోసం వెతకండి. బాబిన్ కేసు తీసి, షటిల్‌ను పట్టి ఉంచే రింగు విప్పి, షటిల్ తిరిగే గాడిని టార్చి వేసి చూడండి. నలిగి నల్లబడ్డ దారం ముక్క ఒక్కటి అక్కడ ఉంటే చాలు, మిషన్ మొత్తం ఆగిపోతుంది. నీడిల్ ప్లేట్ (సూది కింద ఉండే కన్నం రేకు) రెండు స్క్రూలు విప్పి తీస్తే, గుడ్డను ముందుకు తోసే పళ్ల మధ్య దుమ్ము, నూలు కలిసి గట్టి గడ్డలా పేరుకుని ఉంటుంది. బ్రష్‌తో అది పోదు. సూదితోనో సన్నటి పుల్లతోనో గీకి తీయాలి. ఆ గడ్డ ఉన్నంతకాలం పళ్లు పూర్తిగా పైకి రావు. గుడ్డ సరిగ్గా జరగదు. అప్పుడు మనం గుడ్డను చేత్తో లాగుతాం. సూది వంగుతుంది.

దారమేమీ లేకపోతే మిగిలింది ఎండిన నూనె. మిషన్ ఆయిల్ బదులు ఇంట్లో దొరికిన కొబ్బరి నూనో, వంట నూనో వేసే అలవాటు చాలా చోట్ల ఉంది. అలాంటి నూనెలు కొన్నాళ్లకు జిగురుగా మారి గట్టిపడతాయి. గోధుమరంగు పొర కనిపిస్తే అదే. దీన్ని కరిగించడానికి కిరోసిన్ చాలు. కదిలే ప్రతి కీలు దగ్గరా ఒకటి రెండు చుక్కలు వేసి, ఒక రాత్రి వదిలేయండి. మరునాడు చక్రాన్ని అటూ ఇటూ మెల్లగా ఊపండి. బలవంతంగా తిప్పొద్దు. కొంచెం కదిలితే మళ్లీ చుక్క వేసి మళ్లీ ఊపండి. హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడి తగిలించినా జిగురు తొందరగా వదులుతుంది. అయితే కిరోసిన్ వేసిన చోట డ్రయ్యర్ వాడకూడదు, అంటుకుంటుంది. వేడి పెట్టాలనుకుంటే కిరోసిన్‌కు ముందే పెట్టండి. కిరోసిన్ పని కూడా కిటికీలు తీసి, పొయ్యికి దూరంగా చేయండి. డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రేలు బిగుసుకున్నదాన్ని వదిలించడానికి బాగానే పనికొస్తాయి గానీ, వాటినే నూనె అనుకుని వదిలేస్తే కొన్నాళ్లకు మళ్లీ మొదటికొస్తుంది.

జిగురు వదిలాక పాత నల్లటి మురికిని గుడ్డతో పూర్తిగా తుడిచి, అప్పుడు అసలైన కుట్టు మిషన్ ఆయిల్ వేయండి. నీళ్లలా పలచగా, రంగు లేకుండా ఉండేది. మిషన్ పైన ఉన్న రంధ్రాల్లో ఒక్కో చుక్క. ఎడమ పక్కన ఉన్న ముఖం రేకు విప్పి, సూది కడ్డీకి, ఫుట్ (గుడ్డను పైనుంచి నొక్కి పట్టే భాగం) కడ్డీకి, దారం లాగే లివర్ కీలుకు ఒక్కో చుక్క. తల వెనక్కి వాల్చి, కింద ఒక ఇనుప భాగం మరో ఇనుప భాగాన్ని రాసుకునే ప్రతి చోటా ఒక్కో చుక్క. షటిల్ గాడికి వేయడం మాత్రం మరవకండి. ఎక్కువ వేగంగా, ఎక్కువ ఒరుసుకుంటూ తిరిగేది అదే. వేశాక బెల్టు లేకుండా చేత్తో చక్రం కాసేపు తిప్పండి. నల్లగా కారిన నూనె తుడిచి మళ్లీ వేయండి. తుడిచిన గుడ్డ మీద నలుపు రాకుండా పోయేదాకా ఇది చేయాలి. విసుగు పుట్టించే పనే, కానీ మిషన్ తేలికపడటం చేతికి తెలుస్తూ ఉంటుంది.

కింది భాగాన్ని అందరూ మరిచిపోతారు. పెడల్ రెండు వైపులా ఉన్న మొనల దగ్గర, పెద్ద చక్రం ఇరుసు దగ్గర, పెడల్‌నూ చక్రాన్నీ కలిపే నిలువు కడ్డీ రెండు చివర్లలో నూనె పడాలి. ఇరుసుకు వెంట్రుకలు, దారాలు చుట్టుకుని ఉంటే ముందు బ్లేడుతో కోసి తీయండి. తొక్కుతుంటే టక్ టక్ మని కొట్టుకునే శబ్దం వస్తే ఆ నిలువు కడ్డీ చివర వదులు ఎక్కువైందని అర్థం. అక్కడి నట్టు కాస్త బిగించాలి. మరీ బిగిస్తే పెడల్ బరువెక్కుతుంది.

స్క్రూల గురించి ఒక మాట. సింగర్ స్క్రూలకు సొంత మర ఉంటుంది. హార్డ్‌వేర్ కొట్లో దొరికేవి చాలావరకు పట్టవు. బలవంతంగా ఎక్కిస్తే రంధ్రంలోని మర పోతుంది. అందుకే తీసిన ప్రతి స్క్రూనూ ఎక్కడిదో రాసి విడిగా పెట్టుకోండి. స్క్రూడ్రైవర్ మొన గాడిలో నిండుగా కూర్చోవాలి. సన్నగా ఉంటే గాడి చెడుతుంది.

ఇప్పుడు వెనక్కి తిరగడం గురించి. ఇది మిషన్ లోపం కాదు. పెడల్‌కూ చక్రానికీ మధ్య ఉన్న కడ్డీ సరిగ్గా పైకి గానీ కిందికి గానీ నిటారుగా వచ్చి ఆగితే, ఆ చోటు నుంచి పెడల్ నొక్కినా చక్రం ఎటు తిరగాలో తేలదు. ఎటైనా తిరగొచ్చు. ఇళ్లల్లో వాడే సింగర్ మిషన్లలో చేతి చక్రం పైభాగం మీ వైపుకు రావాలి. బెల్టు మెలిక లేకుండా ఉంటే కింది పెద్ద చక్రం కూడా అదే దిశలో తిరుగుతుంది. వైట్ రోటరీ లాంటి కొన్ని కంపెనీల మిషన్లు మాత్రం దీనికి వ్యతిరేకంగా తిరుగుతాయి. మీది సింగరే కాబట్టి ఆ అనుమానం అక్కర్లేదు. దారం ఎక్కించి ఉండగా వెనక్కి తిరిగితే దారం తెగడమో, షటిల్‌లో చిక్కుకోవడమో ఖాయం.

అలవాటు చేసుకునే పద్ధతి ఇది. సూదీ దారమూ వద్దు. ఫుట్ పైకెత్తండి. చక్రం మధ్య బిరడా వదులు చేయండి, సూది ఆడదు. పెడల్ మీద రెండు పాదాలూ ఉంచండి. ఒకటి కాస్త ముందుకు, ఒకటి కాస్త వెనక్కి. ముందు పాదం వేళ్లతో, వెనక పాదం మడమతో నొక్కుతారు. కాళ్లతో మొదలుపెట్టకండి. కుడిచేత్తో చక్రాన్ని మీ వైపుకు తిప్పండి. పెడల్ కదలడం మొదలయ్యాక పాదాలు దాని వెంట వెళ్లాలి. ఆపేటప్పుడూ చేయి చక్రం మీదే. సూది పైకొచ్చి, దారం లివర్ బాగా ఎత్తులో ఉన్నప్పుడు ఆపడం అలవాటైతే సగం సమస్యలు రావు. మెల్లగా తొక్కడమే కష్టం, వేగంగా తొక్కడం ఎవరికైనా వస్తుంది. ఒక్కో కుట్టు లెక్కపెట్టుకుంటూ వేయగలిగేదాకా సాధన చేయండి. తర్వాత బిరడా బిగించి, పాత సూది పెట్టి, దారం లేకుండా గీతల కాగితం మీద కుట్టండి. గీత మీద రంధ్రాలు పడితే చేయీ కాలూ కలిశాయన్నమాట. మంచి సూది మాత్రం కాగితం మీద వాడకండి, మొన పోతుంది. గుడ్డ గానీ కాగితం గానీ లేకుండా ఫుట్ దించి తొక్కడమూ మంచిది కాదు. కింది పళ్లు ఫుట్ అడుగును అరగదీస్తాయి.

బెల్టు వదులుగా ఉన్నా చక్రం ఆగి ఆగి తిరుగుతుంది. తోలు బెల్టు మందం సుమారు 5 మిల్లీమీటర్లు, చివర్లు ఇనుప కొక్కెంతో కలుపుతారు. కొత్త తోలు కొద్దిరోజుల్లో సాగుతుంది. అప్పుడు అర అంగుళం కోసి మళ్లీ కలపాలి. ఎంత బిగువు అంటే, జారకుండా ఉండేంత. అంతకు మించితే పైనా కిందా ఇరుసుల మీద భారం పడి తొక్కడం కష్టమవుతుంది. బెల్టుకు నూనె తగలనివ్వకండి. నైలాన్ తాడు కట్టి వాడేవాళ్లున్నారు, నాకు నచ్చదు. ముడి చక్రం మీదికి వచ్చిన ప్రతిసారీ మిషన్ ఉలిక్కిపడుతుంది.

ఇక అసలు ఫిర్యాదు: కింద దారం ఉండలు. చాలామంది కింద చిక్కుపడింది కాబట్టి బాబిన్ తప్పు అనుకుని బాబిన్ కేసు స్క్రూ తిప్పడం మొదలుపెడతారు. జరిగేది చూడండి. సూది కిందికి దిగి లేచేటప్పుడు పైదారం చిన్న ఉచ్చు కడుతుంది. షటిల్ కొన ఆ ఉచ్చును పట్టుకుని, బాబిన్ కేసు చుట్టూ తిప్పుతుంది. దానికి చాలా దారం కావాలి, పైనుంచి అంత దారమూ కిందికి వస్తుంది. తర్వాత దారం లివర్ పైకి లేచి, ఆ మిగులు దారాన్నంతా తిరిగి పైకి లాగాలి. టెన్షన్ బిళ్లలు దారాన్ని పట్టుకుని ఉంటేనే ఆ లాగుడు కుట్టును బిగిస్తుంది. దారం బిళ్లల మధ్య లేకపోయినా, లివర్ కన్నంలోంచి పోకపోయినా కిందికి వెళ్లిన దారం కిందే ఉండిపోతుంది. అదే ఉండ. కాబట్టి కింద ఉండలు కనిపిస్తే వెతకాల్సింది పైన.

దారం మొత్తం తీసేసి మొదటి నుంచి ఎక్కించండి. ఫుట్ పైకెత్తి ఉంచండి. చాలా మిషన్లలో ఫుట్ ఎత్తినప్పుడే టెన్షన్ బిళ్లలు విచ్చుకుంటాయి. దించి ఎక్కిస్తే దారం బిళ్లల పైనే ఆగి, చూడటానికి లోపలికి వెళ్లినట్టే ఉంటుంది. ఎక్కించాక ఫుట్ దించి దారం లాగి చూడండి, గట్టిగా పట్టుకోవాలి. ఫుట్ ఎత్తితే హాయిగా రావాలి. తేడా తెలియకపోతే బిళ్లల మధ్య పాత దారం పోగో నూలో ఉంది. పలచటి గుడ్డ అంచును కిరోసిన్‌లో తడిపి బిళ్లల మధ్య అటూ ఇటూ లాగి, ఆరనివ్వండి. తర్వాత లివర్ కన్నం, అక్కడి నుంచి సూది దగ్గర ఉన్న చివరి కొక్కెం.

సూది ఎటు పెట్టాలన్నది మోడల్‌ను బట్టి మారుతుంది. అందుకే కుడి ఎడమలు బట్టీ పట్టకుండా ఇలా గుర్తుపెట్టుకోండి. సూదికి ఒక వైపు పొడవాటి గాడి ఉంటుంది, కాడ పైన ఇంకో వైపు చదునుగా ఉంటుంది. దారం ఏ వైపు నుంచి కన్నంలోకి వెళ్తుందో పొడవు గాడి ఆ వైపు ఉండాలి. చివరి దారం కొక్కెం ఏ పక్క ఉందో చూస్తే ఆ వైపు తెలుస్తుంది. సూదిని పూర్తిగా పైకి తోసి బిగించండి. రెండు మిల్లీమీటర్లు దిగి ఉన్నా కుట్టు తప్పుతుంది. 15, 66, 127, 201 మోడళ్లన్నింటికీ ఇప్పుడు మామూలుగా దొరికే 130/705హెచ్ సూదే. దాన్నే 15x1 అనీ, హెచ్‌ఏx1 అనీ అంటారు. అంతకంటే పాతదైన న్యూ ఫ్యామిలీ, అంటే మోడల్ 12 లాంటివాటికి సూది వేరు. పలచటి గుడ్డకు 70 లేదా 80, మామూలు నూలు గుడ్డకు 90, జీన్స్ లాంటి మందపాటివాటికి 100 లేదా 110 నంబర్. ఎనిమిది, పది గంటల కుట్టు తర్వాత సూది మార్చేయడం మేలు. పాత డబ్బాలో దొరికిన సూదులు ఎంత మెరుస్తున్నా నమ్మకండి.

అదే డబ్బాలో దొరికే పాత దారం రీళ్లు కూడా అంతే. ముచ్చటగా ఉంటాయి గానీ దారం చివికి ఉంటుంది. రెండు చేతులతో పట్టుకుని లాగితే పుటుక్కున తెగితే కుట్టడానికి పనికిరాదు. మంచి పాలియెస్టర్ దారమో, కొత్త నూలు దారమో పైనా కిందా ఒకటే వాడండి.

బాబిన్ దగ్గరికి వద్దాం. పొడవాటి తూటా ఆకారం షటిల్, సన్నగా పుల్లలా ఉండే బాబిన్ ఉంటే మీది 27, 127 లాంటి రకం. నిలువుగా పెట్టే గుండ్రటి బాబిన్ కేసు ఉంటే చాలావరకు 15 రకం. పైనుంచి పడుకోబెట్టే బాబిన్ అయితే 66 లేదా 201 రకం. 15 బాబిన్‌కు రెండు పక్కలూ చదునుగా, 66 బాబిన్‌కు కాస్త ఉబ్బుగా ఉంటాయి. ఒకదాని బదులు ఒకటి పెడితే పట్టినట్టే ఉండి కుట్టు చెడగొడుతుంది. కొత్త మిషన్లకు వచ్చే ప్లాస్టిక్ బాబిన్లు కూడా పెట్టకండి. బాబిన్‌ను వదులుగా, ఎగుడుదిగుడుగా చుట్టినా కింద దారం ఒకసారి బిగువుగా, ఒకసారి వదులుగా వస్తుంది. 15 రకం కేసును దారం పట్టుకుని వేలాడదీస్తే ఉన్నచోటే ఆగాలి, చిన్నగా కుదిపితే కాస్త జారి మళ్లీ ఆగాలి. అలా ఉంటే దాని స్క్రూ ముట్టుకోవద్దు. కేసు లోపలికి పెట్టేటప్పుడు టక్ మని కూర్చోవాలి.

కుట్టు మొదలుపెట్టే ముందు చక్రం ఒక్కసారి తిప్పి కింద దారం పైకి తెచ్చుకోండి. రెండు దారాలనూ ఫుట్ కింద నుంచి వెనక్కి లాగి, మొదటి రెండు మూడు కుట్లు పడేదాకా వేలితో పట్టుకోండి. ఇది చేయకపోతే అన్నీ సరిగ్గా ఉన్నా మొదట్లో ఒక చిన్న ఉండ పడుతుంది. అప్పుడు ముదురు, లేత రంగుల రెండు దారాలతో రెండు మడతల గుడ్డ మీద కుట్టి చూడండి. రెండూ గుడ్డ మధ్యలో కలవాలి. పైరంగు కింద చుక్కలుగా కనిపిస్తే పై టెన్షన్ కొద్దిగా బిగించాలి, కిందిరంగు పైకి వస్తే వదులు చేయాలి. కుట్టు పొడవు చూపే అంకెలు చాలా సింగర్లలో అంగుళానికి ఎన్ని కుట్లో చెబుతాయి, అంటే అంకె పెరిగేకొద్దీ కుట్టు చిన్నదవుతుంది. 10 లేదా 12 దగ్గర పెట్టి మొదలుపెట్టండి. మీ మిషన్‌లో రివర్స్ లేకపోతే చివర్లో గుడ్డ తిప్పి నాలుగు కుట్లు వెనక్కి వేస్తే సరిపోతుంది.

ఇదంతా చేశాక కూడా కుట్టు తప్పుతుంటే అప్పుడు టైమింగ్ చూద్దాం. కొత్త సూది పెట్టి, నీడిల్ ప్లేట్ తీసి, చేత్తో మెల్లగా తిప్పండి. సూది అట్టడుగుకు వెళ్లి సుమారు రెండు, రెండున్నర మిల్లీమీటర్లు పైకి లేచేసరికి షటిల్ కొన సూదికి దగ్గరగా, కన్నానికి కొంచెం పైన దాటాలి. అలా దాటితే టైమింగ్ బాగానే ఉంది, మెకానిక్ చెప్పింది తప్పు. కొన కన్నం కిందుగానో, మరీ పైనో దాటితే మొదట అనుమానించాల్సింది సూది కడ్డీ ఎత్తును, షటిల్‌ను కాదు.

పైపై శుభ్రం గురించి త్వరగా చెప్పేస్తాను. బంగారు రంగు పూలబొమ్మలను కాపాడే పూత చాలా పాత మిషన్లలో లక్కతో చేసింది. స్పిరిట్, శానిటైజర్ తగిలితే కరిగిపోయి బొమ్మలు కూడా తుడిచిపెట్టుకుపోతాయి. అమోనియా ఉన్న అద్దాలు తుడిచే ద్రవమూ వద్దు. మెత్తటి గుడ్డకు మిషన్ ఆయిలే పట్టించి తుడవండి. ఏది వాడినా మొదట వెనక వైపు మూలలో చిన్న చోట ప్రయత్నించండి.

మోటారు సంగతి చివరికి వదిలేశాను, ఎందుకంటే పైన చెప్పినవన్నీ చేశాక మీకు అది అక్కర్లేదనిపించవచ్చు. మోటారు జిగురు పట్టిన మిషన్‌నూ లాగేస్తుంది. బరువు మన కాళ్లకు తెలియదు కాబట్టి నూనె వేయాల్సిన సంగతీ తెలియదు, ఇరుసులు ఎండుగా తిరిగి అరుగుతాయి. మందపాటి మడతల దగ్గర ఒక్కో కుట్టు ఆచితూచి వేసే వీలు కూడా తగ్గుతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, రోజంతా కుట్టేవాళ్లు పెట్టించుకోవడంలో తప్పు లేదు. అప్పుడు కూడా ముందు ఈ శుభ్రమంతా అయ్యాకే పెట్టించండి. మోటారు బిగించడానికి తలలో కొత్త రంధ్రం వేయనివ్వకండి. చేతి చక్రం వెనక మోటారు కోసం బిగింపు చోటు ఉన్న మోడల్ అయితే స్క్రూతో సరిపోతుంది. అది లేకపోతే ఆ తల మోటారుకు తగినది కాదు, కాలితోనే వాడుకోండి.